యంత్రం లేకుండా ఫ్యాక్స్ అందుకోవడం: హైదరాబాదులో ఎవరికి ఏ పద్ధతి నప్పుతుంది

కోఠిలోనో అబిడ్స్‌లోనో పాత జిరాక్స్ దుకాణాల బోర్డుల మీద "ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, ఫ్యాక్స్" అన్న మాటలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. లోపలికి వెళ్లి అడిగితే మాత్రం యంత్రం మూలన పడి చాలా కాలమైందనో, ల్యాండ్‌లైను తీసేయించామనో సమాధానం వస్తుంది. ఊళ్లో యంత్రాలు ఇలా కనుమరుగైనా, ఫ్యాక్స్ పంపుతామనేవారు దేశం బయట, ముఖ్యంగా అమెరికాలో, ఇంకా చాలామందే ఉన్నారు. అక్కడ చదువో ఉద్యోగమో ముగించుకొని తిరిగివచ్చినవారు పాత ఆసుపత్రిని తమ వైద్య రికార్డులు అడిగినా, డెలావేర్‌లోనో వ్యోమింగ్‌లోనో ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) నమోదు చేసుకొన్న ఇక్కడి చిన్న వ్యాపారి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి గుర్తింపు సంఖ్య కోరినా, మాదాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఉన్న మెడికల్ బిల్లింగ్ కార్యాలయం అక్కడి క్లినిక్ నుంచి కాగితాలు తెప్పించుకోవాలన్నా, చివరకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: మీ ఫ్యాక్స్ నెంబరు ఎంత?

దీనికోసం యంత్రం కొననవసరం లేదు. ఇంటర్నెట్‌లో ఒక ఫ్యాక్స్ నెంబరు తీసుకొంటే, ఆ నెంబరుకు వచ్చిన కాగితాలు పీడీఎఫ్ రూపంలో మన మెయిలుకు చేరుతాయి. అయితే ఈ సేవలను పోల్చి చూసేవారిలో ఎక్కువమంది నెలకు ఎన్ని పేజీలు, ఎంత రుసుము, యాప్ ఎలా ఉంది అన్న లెక్కల దగ్గరే ఆగిపోతారు. హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న అకౌంట్స్ కార్యాలయంలో పనిచేస్తూ ఇలాంటి నెంబర్లు పలుమార్లు తీసుకొన్న అనుభవంతో నేను చెప్పేదేమిటంటే, ముందుగా తేల్చుకోవలసింది ఆ నెంబరు ఏ దేశానిది, అది ఎంతకాలం మన చేతిలో ఉంటుంది అన్న రెండు సంగతులు. తక్కిన తేడాలన్నీ వాటి తరువాతివే.

పంపేది ఎవరు?

ఆన్‌లైన్ ఫ్యాక్స్ సేవలు ఇచ్చే నెంబర్లలో అత్యధికం అమెరికా, కెనడా, ఐరోపా దేశాలవి. హైదరాబాదు కోడ్ 040తో మొదలయ్యే నెంబరు కావాలంటే, అది ఆ సేవ జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. ఇండియా పేరు కనబడినంత మాత్రాన సరిపోదు. కొన్నిచోట్ల ఆ పేరు ఇండియాకు ఫ్యాక్స్ పంపవచ్చు అన్న అర్థంలోనే ఉంటుంది. పంపడం వేరు, ఇక్కడి నెంబరు మీద అందుకోవడం వేరు.

పంపేవారు అమెరికాలో ఉంటే 040 నెంబరు అక్కరలేదు సరికదా, అది ఇబ్బంది కూడా. అక్కడి ఆసుపత్రి గుమస్తాకు విదేశీ నెంబరు డయల్ చేసే వీలు సాధారణంగా ఉండదు, ఉన్నా చేయడు. అతనికి కావలసింది పది అంకెల అమెరికా నెంబరు. ఆ నెంబరు న్యూజెర్సీదా, టెక్సాస్‌దా అన్నది అతనికి పట్టదు, మనమూ పట్టించుకోనక్కరలేదు.

పంపేవారు ఇక్కడి కార్యాలయమే అయితే లెక్క తారుమారవుతుంది. మన కార్యాలయాల్లో చాలా ల్యాండ్‌లైన్లకు ఐఎస్‌డీ సౌకర్యం ఉండదు. నాంపల్లిలోని ఒక కార్యాలయం మలక్‌పేటలోని మీకు ఫ్యాక్స్ పంపాలనుకొని, మీరు +1తో మొదలయ్యే నెంబరు ఇస్తే, ఆ యంత్రం నుంచి కాల్ బయటకే వెళ్లదు. ఎంత మంచి సేవకు ఎంత డబ్బు కట్టినా ఆ నెంబరు అప్పుడు నిరుపయోగమే. ఇలాంటి సందర్భంలో ఇక్కడి వర్చువల్ నెంబర్లు ఇచ్చే సంస్థలను "మీ నెంబరు ఫ్యాక్స్ కాల్‌ను స్వీకరించి మెయిలుకు పంపుతుందా, లేక మాటల కాల్ మాత్రమేనా" అని సూటిగా అడగాలి. స్పష్టమైన జవాబు రాకపోతే, ఆ కార్యాలయాన్నే స్కాన్ చేసి మెయిలు పంపమని కోరడం మేలు. దేశంలోపలి వ్యవహారాల్లో ఇప్పుడు దానికి పెద్దగా ఎవరూ అభ్యంతరం చెప్పరు.

జపాన్, ఐరోపా వంటి చోట్ల నుంచి రావలసిన ఫ్యాక్స్‌ల విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. 800, 888, 877 వంటి అంకెలతో మొదలయ్యే అమెరికా టోల్‌ఫ్రీ నెంబర్లు హుందాగా కనిపిస్తాయి గానీ, అమెరికా బయటి నుంచి అవి చాలాసార్లు కలవవు. ఊరి కోడ్‌తో ఉన్న మామూలు నెంబరే అన్ని విధాలా శ్రేయస్కరం.

ఉచితం అన్న మాట ఎంతవరకు?

ఉచిత ఫ్యాక్స్ అని ప్రకటించుకొనే సేవల్లో ఎక్కువ భాగం పంపడానికి మాత్రమే ఉచితం. ఫ్యాక్స్‌జీరో అమెరికా, కెనడాలకు చిన్న ఫ్యాక్స్‌లను ఉచితంగా పంపనిస్తుంది, కానీ అందుకొనేందుకు నెంబరు ఇవ్వదు. జెనీవా కేంద్రంగా నడిచే ఫ్యాక్స్‌ప్లస్ ఉచిత ఖాతాలో కొన్ని పేజీలు పంపుకోవచ్చు, నెంబరు మాత్రం రుసుము కట్టేవారికే. ఇందులో మోసమేమీ లేదు. పంపడమంటే ఒక్క కాల్‌తో ముగిసే పని. అందుకోవడమంటే మనకోసం ఒక నెంబరును రాత్రింబగళ్లు కేటాయించి ఉంచడం, ఆ నెంబరుకు సేవాసంస్థ నెలనెలా ఖర్చు పెట్టడం. కాబట్టి శాశ్వతంగా ఉచితమైన సొంత నెంబరును ఎవరైనా ఇస్తామంటే, ఆ ఖర్చు ఎక్కడ రాబట్టుకొంటున్నారో చూడాలి. ఒకే నెంబరును పదిమందికి పంచి ఇచ్చే సేవకు జీతం వివరాలో, వైద్య నివేదికో రప్పించుకోవడం వీధి గుమ్మానికి ఉత్తరం అంటించడం వంటిదే.

మిగిలింది ఉచిత పరిశీలన గడువు. సేవను బట్టి అది వారం నుంచి నెల వరకు ఉంటుంది, కార్డు వివరాలు ముందే తీసుకొంటారు. రేపు రావలసిన ఒకే ఒక ఫ్యాక్స్ కోసం ఇది చక్కగా పనికివస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియని దానికి పనికిరాదని మాకు అనుభవపూర్వకంగా తెలిసింది. అమెరికాలో ఎల్‌ఎల్‌సీ పెట్టుకొన్న మా ఖాతాదారు ఒకరు యజమాని గుర్తింపు సంఖ్య కోసం ఎస్‌ఎస్-4 ఫారాన్ని ఫ్యాక్స్‌లో పంపారు. జవాబు ఫ్యాక్స్ నెంబరు ఇస్తే ఐఆర్‌ఎస్ ఆ సంఖ్యను అదే నెంబరుకు తిప్పి పంపుతుంది, అందుకు సుమారు 4 పనిదినాలు పడుతుందని ఆ శాఖ చెబుతుంది. ఆ లెక్కను నమ్మి మేము ఏడు రోజుల ఉచిత నెంబరు తీసుకొన్నాము. ఫారంలో 7బీ గడి దగ్గర, అమెరికా గుర్తింపు సంఖ్యలేవీ లేని విదేశీయుడు "ఫారిన్" అని రాయవలసిన చోట, ఆయన పాన్ నెంబరు రాశారు. అది సరిదిద్ది మళ్లీ పంపి, జవాబు కోసం ఎదురుచూస్తూ మూడు వారాలు గడిచాయి. ఈలోగా గడువు ముగిసి నెంబరు రద్దయింది. ఐఆర్‌ఎస్ జవాబు ఆ నెంబరుకు వెళ్లిందో లేదో ఈనాటికీ తెలియదు. చివరకు ఆయన అర్ధరాత్రి అమెరికాకు ఫోను చేసి ఆ సంఖ్యను తెలుసుకోవలసి వచ్చింది. నెలకు కొన్ని వందల రూపాయలు మిగుల్చుకోబోయి చేసిన ఈ పొరపాటును నేను మళ్లీ చేయలేదు.

ఇదే సందర్భంలో ఒక మాట: ఐఆర్‌ఎస్ అన్ని కాగితాలనూ ఫ్యాక్స్‌లో పంపదు. పన్ను ట్రాన్స్‌క్రిప్టులను, అంటే పన్ను రిటర్నుల సారాంశ ప్రతులను, ఫ్యాక్స్‌లో పంపడాన్ని 2019 జూన్ చివర నిలిపివేసింది. అందువల్ల నెంబరు కొనేముందు, తమకు కావలసిన కాగితం ఇప్పటికీ ఆ దారిలో వస్తుందో లేదో నిర్ధారించుకోవాలి.

డబ్బు కట్టేటప్పుడు

వ్యక్తులకూ చిన్న కార్యాలయాలకూ ఉద్దేశించిన పథకాలు నెలకు దాదాపు 5 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటాయి. నెలకు వంద, రెండువందల పేజీలు అందులో కలిసి ఉంటాయి. దాటితే పేజీకి ఇంత అని అదనంగా పడుతుంది. పంపేవి, అందుకొనేవి కలిపి లెక్కిస్తారా, విడివిడిగానా అన్నది చూడాలి. అనవసరపు ప్రకటనల ఫ్యాక్స్‌లు కూడా పేజీల లెక్కలోకి వస్తాయి గనుక, అలాంటి నెంబర్లను అడ్డుకొనే సౌకర్యం ఉన్న సేవ మేలు. ఇంతకుమించి ధరల తేడా గురించి తల బద్దలుకొట్టుకోనవసరం లేదు.

అసలు చిక్కు మన కార్డులతో ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి నుంచి కొత్తగా జారీ అయ్యే కార్డులు మొదట దేశంలోని ఏటీఎం, దుకాణపు యంత్రాల దగ్గర మాత్రమే పనిచేస్తాయి. విదేశీ ఆన్‌లైన్ చెల్లింపు కావాలంటే బ్యాంకు యాప్‌లో దాన్ని మనమే తెరవాలి. అది తెరిచి మొదటి నెల కట్టగలిగినా, నెలనెలా దానంతట అదే కోతపడే చెల్లింపులకు 2021 అక్టోబరు నుంచి వేరే నిబంధనలున్నాయి. ముందస్తు అనుమతి నమోదు ఏర్పాటులో లేని విదేశీ సంస్థ అడిగితే మన బ్యాంకు ఆ చెల్లింపును తిరస్కరిస్తుంది. సినిమాల చందా ఇలా ఆగిపోతే సాయంత్రం ఒక సినిమా పోతుంది, అంతే. ఫ్యాక్స్ నెంబరు చందా ఆగితే కొద్ది రోజుల హెచ్చరికల తరువాత నెంబరే పోతుంది. అది కొంతకాలానికి మరొకరికి కేటాయించబడుతుంది, అప్పటికీ పాత నెంబరును పట్టుకొని కూర్చున్న క్లినిక్ మన కాగితాలను ఆ కొత్త మనిషికి పంపుతుంది.

అందువల్ల ఎక్కువకాలం అవసరమున్నవారు నెలవారీ పథకం కంటే ఏడాదికి ఒకేసారి కట్టే పథకం తీసుకోవాలని నా గట్టి సలహా. చెల్లింపు ఒక్కసారి ఓటీపీతో జరిగిపోతుంది, ఏడాది పాటు నెంబరుకు ఢోకా ఉండదు, పైగా నెలవారీ కంటే కొంత తక్కువే పడుతుంది. ముగింపు తేదీకి నెల ముందే క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. డాలర్ల ధరకు తోడు బ్యాంకు వేసే విదేశీ మారక రుసుము, కొన్ని సేవలు వేసే 18 శాతం జీఎస్టీ కూడా కలుపుకొని లెక్క చూడాలి. ఫోనులో దొరికే ఫ్యాక్స్ యాప్‌ల విషయంలో మరింత అప్రమత్తంగా ఉండాలి. మూడు రోజులు ఉచితం అని మొదలుపెట్టి ఆపైన వారానికింత అని వసూలు చేసేవి వాటిలో ఉన్నాయి. వారం ధరను 52తో గుణిస్తే పెద్ద సంస్థల సేవే చవక అని తేలుతుంది.

సంస్థ ఎంత పెద్దదైనా సేవ శాశ్వతమని అనుకోకూడదు. ఫోను, సందేశాల సేవలందించే ట్విలియో వంటి పెద్ద సంస్థ కూడా తన ఫ్యాక్స్ సేవను 2021 డిసెంబరులో మూసివేసింది. అమెరికా నెంబర్లకు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మార్చుకొనే వీలు ఉంది. మన నెంబరును బయటకు తీసుకుపోనిస్తారా, అందుకు రుసుమెంత అన్నది ఒప్పందపు నిబంధనల్లో రాసి ఉంటుంది. ఎవరూ చదవని ఆ పేజీలో తప్పక చదవవలసిన వాక్యం అదొక్కటే.

ల్యాండ్‌లైను ఇంకా ఉన్నవారికి

పాత బీఎస్‌ఎన్‌ఎల్ కనెక్షను, దానితోపాటు పాతికేళ్లుగా అందరికీ ఇచ్చిన 040 నెంబరు ఉన్న కార్యాలయాలు కొన్ని ఉన్నాయి. మన దేశంలో మొబైల్ నెంబరును సంస్థ మార్చుకొన్నా నిలుపుకోవచ్చు గానీ, ల్యాండ్‌లైను నెంబరుకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఆ నెంబరును ఆన్‌లైన్ సేవలోకి మార్చుకోవడం కుదరదు. ఫ్యాక్స్ సౌకర్యమున్న ఆల్-ఇన్-వన్ ప్రింటరును ఆ లైనుకు తగిలించి, వచ్చిన ఫ్యాక్స్‌ను అచ్చు వేయకుండా మెయిలుకో కంప్యూటరు ఫోల్డరుకో పంపే అమరిక చేసుకోవచ్చు. లేదా యూఎస్‌బీ ఫ్యాక్స్ మోడెమ్‌ను విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే, విండోస్‌లోని ఫ్యాక్స్ అండ్ స్కాన్ అన్న ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. లినక్స్ తెలిసినవారికి హైలాఫ్యాక్స్ అన్న ప్రోగ్రాము ఉంది.

ఇక్కడ సమస్య రాగి తీగ పోయి ఫైబరు రావడం. ఫైబరు పెట్టె వెనుక ఫోను పెట్టుకొనే రంధ్రం ఉంటుంది గానీ, దాని గుండా పోయేది ఇంటర్నెట్ మీద నడిచే మాట. ఫ్యాక్స్ యంత్రాలు ఒకదానితో ఒకటి శబ్దాలతోనే మాట్లాడుకొంటాయి. పిలిచే యంత్రం 1100 హెర్ట్జ్ కూత వేస్తే, పలికే యంత్రం 2100 హెర్ట్జ్ కూతతో బదులిస్తుంది, ఆపైన వేగం కుదుర్చుకొని చుక్క చుక్కగా పేజీని పంపుకొంటాయి. మనుషుల మాటలో అక్కడక్కడ ఒక ముక్క జారిపోయినా అర్థమవుతుంది, ఫ్యాక్స్‌లో అలా జారితే పేజీ మధ్యలో తెగిపోతుంది. దీనికోసమే టీ.38 అన్న ప్రమాణం 1998లో వచ్చింది. ఫైబరు ఇచ్చినవారి పరికరం దాన్ని పాటిస్తుందా అని అడగాలి. పాటించకపోతే యంత్రంలో వేగాన్ని సెకనుకు 9600 బిట్లకు తగ్గించి చూడవచ్చు. కొన్నిసార్లు అంతటితో కుదురుకొంటుంది.

ఇంకో ఇబ్బంది వేళ. న్యూయార్కులో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30 నుంచి అర్ధరాత్రి దాటి 2:30 వరకు, చలికాలంలో ఇంకో గంట ఆలస్యంగా. ఆ సమయంలో కంప్యూటరు, మోడెమ్ నడుస్తూ ఉండాలి, కరెంటు పోతే ఇన్వర్టరు ఉండాలి. ఆన్‌లైన్ సేవలో ఈ బాధ లేదు, ఒకేసారి ఇద్దరు పంపినా లైను బిజీ రాదు. ఇక్కడివారి నుంచి పగటిపూట మాత్రమే ఫ్యాక్స్‌లు వచ్చే కార్యాలయానికైతే ల్యాండ్‌లైను పద్ధతే ఇప్పటికీ నిక్షేపంగా సరిపోతుంది, నెలసరి అదనపు ఖర్చు కూడా లేదు.

తెలిసినవారి కార్యాలయం నెంబరుకో, యంత్రం పనిచేస్తున్న ఏదైనా దుకాణానికో తెప్పించుకోవడం మరో దారి. ఆహ్వాన పత్రానికీ ధరల పట్టికకూ ఫరవాలేదు. బ్యాంకు, వైద్యం, పన్ను కాగితాలకు వద్దు.

గోప్యత, చట్టం

అమెరికా రోగుల వివరాలతో పనిచేసే మెడికల్ బిల్లింగ్ కార్యాలయాలకు పై పోలికలన్నీ రెండో వరుసవి. రోగుల సమాచార గోప్యతను కాపాడే 1996 నాటి అమెరికా చట్టం హిపా కింద, రోగి సమాచారం తాకే ప్రతి సేవాసంస్థతోనూ, ఆ సమాచారాన్ని భద్రంగా ఉంచుతామన్న బిజినెస్ అసోసియేట్ ఒప్పందం రాసుకోవాలి. ఆ ఒప్పందం మీద సంతకం చేయని సేవ ఎంత చవకైనా దాన్ని జాబితాలోంచి కొట్టివేయాలి. చాలా సంస్థలు దాన్ని పై స్థాయి పథకాలకు మాత్రమే ఇస్తాయి. ఫ్యాక్స్ పీడీఎఫ్‌ను నేరుగా మెయిలుకు జతచేసి పంపే అమరికను ఆపి, మెయిలుకు సూచన మాత్రమే వచ్చేలా, కాగితాన్ని లాగిన్ అయి చూసేలా పెట్టుకోవాలి. సొంత పనికి నెంబరు తీసుకొన్నవారికి కూడా ఈ రెండో పద్ధతే నా సిఫారసు. పదిమంది వాడే ఆఫీసు మెయిలులో ఇతరుల కాగితాలు తేలియాడకుండా ఉంటాయి.

సొంత వైద్య రికార్డులు కావలసినవారు ఫ్యాక్స్ నెంబరు కొనకముందు ఒకటి గుర్తుంచుకోవాలి. అదే హిపా నిబంధనల ప్రకారం, రోగి తన రికార్డును ఎలక్ట్రానిక్ రూపంలో కోరితే, ఆ రూపంలో ఇవ్వడం ఆసుపత్రికి సాధ్యమైన పక్షంలో అలాగే ఇవ్వాలి. "ఫ్యాక్స్ మాత్రమే" అని కౌంటరులో చెప్పినా, రాతపూర్వకంగా అడిగితే పేషెంట్ పోర్టల్ ద్వారానో మెయిలు ద్వారానో వచ్చే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రే వంటి చిత్రాలకైతే అదే దారి. 1980లో స్థిరపడిన గ్రూప్-3 ప్రమాణంలో ఫ్యాక్స్ పేజీ అంగుళానికి అడ్డంగా సుమారు 204 చుక్కలు, నిలువుగా మామూలు స్థాయిలో 98 మాత్రమే. బూడిద రంగులన్నీ నలుపు మరకలవుతాయి. చిన్న అక్షరాలున్న ల్యాబ్ నివేదికలనైనా "ఫైన్" స్థాయిలో పంపమని అడగాలి. అప్పుడు నిలువు చుక్కలు రెట్టింపవుతాయి.

అందిన ఫ్యాక్స్‌ను ఇక్కడ ఎప్పుడైనా కోర్టులో చూపవలసి రావచ్చు అనుకొంటే, మెయిలులో వచ్చిన అసలు ఫైలును పేరు మార్చకుండా, ఆ మెయిలును తొలగించకుండా దాచాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కోరుతుంది. దాన్ని అచ్చు వేసి మళ్లీ స్కాన్ చేసిన ప్రతితో ఆ పని చిక్కుల్లో పడుతుంది.

నెంబరు చేతికి వచ్చాక

ఎవరికీ ఇవ్వకముందే ఒకసారి పరీక్షించాలి. అమెరికా నెంబరైతే ఫ్యాక్స్‌జీరో నుంచి మనకు మనమే ఒక పేజీ పంపుకొంటే ఖర్చు లేకుండా తేలిపోతుంది. మెయిలు స్పామ్‌లోకి పోయిందేమో చూసి, పోతే ఆ చిరునామాను కాంటాక్టుల్లో చేర్చాలి. పంపినవారి యంత్రం "ఓకే" అని చీటీ ఇస్తే కాగితం సేవాసంస్థ సర్వరు దాకా చేరిందని మాత్రమే అర్థం. అక్కడి నుంచి మన మెయిలుకు వచ్చే చివరి అడుగుకు ఆ చీటీ పూచీపడదు. వారు పంపామంటే, మనకు రాలేదంటే, మొదట చూడవలసింది సేవ వెబ్‌సైటులోని ఇన్‌బాక్స్.

సందర్భాలను బట్టి నా ఎంపిక ఇది. ఒక్క ఫ్యాక్స్, అదీ రెండు మూడు రోజుల్లో వస్తుందని అటునుంచి ఖాయంగా చెబితే, నెల రోజుల గడువున్న ఉచిత పరిశీలన పథకం. ఐఆర్‌ఎస్, బీమా సంస్థ, విశ్వవిద్యాలయం వంటి తాపీగా కదిలే చోట్ల నుంచి రావలసి ఉంటే, కనీసం మూడు నెలలకు డబ్బు కట్టిన అమెరికా నెంబరు. ఏడాది పొడవునా వచ్చేవారికి వార్షిక పథకం, నెంబరు బయటకు మార్చుకొనే హక్కుతో. రోగుల కాగితాలైతే బిజినెస్ అసోసియేట్ ఒప్పందం ఉన్నవాటిలో మాత్రమే వెతకాలి. ఇక్కడి కార్యాలయాల నుంచే వచ్చేవైతే, ఉన్న ల్యాండ్‌లైను, లేకపోతే మెయిలు.

పని అయిపోయి నెంబరును వదులుకొనేటప్పుడు కూడా తొందర పడకూడదు. ఖాతా మూసిన వెంటనే పాత ఫ్యాక్స్‌లన్నీ చెరిగిపోవచ్చు గనుక ముందుగా అన్నింటినీ దించుకోవాలి. ఆ నెంబరు ఇచ్చిన ప్రతి చోటా దాన్ని తీసివేయమని రాతపూర్వకంగా చెప్పి, తీసేశామన్న జవాబు వచ్చాక మరొక నెల ఉంచి, ఆ నెలలో ఏదీ రాలేదని చూసుకొని అప్పుడు రద్దు చేయాలి.